ఫినాయిల్ ఎక్కువైన ఇల్లు: ఒక పెంపుడు కుందేలు కేసు

హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్. నాలుగో అంతస్తులో రెండు పడగ్గదుల ఫ్లాట్. భార్యాభర్తలు, స్కూలుకెళ్లే బాబు, బాబు నాయనమ్మ, చిట్టి అనే కుందేలు. ఇంటివాళ్ల గురించి ఇంతకు మించి రాయను.

ఫిర్యాదు కుందేలు జబ్బు గురించి కాదు, ఇంటి వాసన గురించి. “డాక్టర్ గారూ, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫినాయిల్ వేసి తుడిపిస్తున్నాం. అయినా తలుపు తీయగానే ఘాటు కొడుతోంది. ఎవరైనా చుట్టాలు వస్తున్నామంటే టెన్షన్ పట్టుకుంటోంది” అన్నారు ఆవిడ ఫోన్‌లో. పక్కనుంచి అత్తగారి గొంతు వినిపిస్తూనే ఉంది: “ఎవరికైనా ఇచ్చెయ్యమని చెప్తూనే ఉన్నానమ్మా, నా మాట వింటే కదా.”

ఇలాంటి ఫిర్యాదు వస్తే కుందేలును క్లినిక్‌కి తెమ్మనను, నేనే వెళ్తాను. బల్ల మీద కూర్చోబెట్టిన కుందేలు భయంతో బిగుసుకుపోతుంది, దాన్ని చూసి ఇంటి సంగతి చెప్పలేం. ఎక్కడ పడుకుంటుంది, ఎక్కడ తింటుంది, ఎక్కడెక్కడ మూత్రం పోస్తుంది, బకెట్‌లో ఏమేం కలుపుతున్నారు, ఇవన్నీ ఇంట్లోనే తెలుస్తాయి.

ఇంట్లో కనిపించింది

హాల్లో విట్రిఫైడ్ టైల్స్. వంటగదిలో గ్రానైట్ గట్టు. పూజగది గడప దగ్గర తెల్ల మార్బుల్. వాషింగ్ మెషీన్ పెట్టుకున్న చిన్న బాల్కనీలో కుందేలు బోను. బోను అడుగు ఇనుప జాలీ, దాని కింద లాగి తీసే ప్లాస్టిక్ ట్రే. ఆ ట్రేను రోజూ పొద్దున ఫినాయిల్‌తో కడిగి ఎండబెడుతున్నారు. రాత్రంతా చిట్టి బోనులో ఉంటుంది, పగలు ఇల్లంతా తిరుగుతుంది.

వాసన నేల మధ్యలో లేదు. హాల్లోకి వెళ్లగానే ముక్కుకు తగిలేది ఫినాయిలే. సోఫా మూల దగ్గర వంగితే మాత్రం అమోనియా ఘాటు. సోఫా కాలు, టీవీ బల్ల పక్క, కర్టెన్ కింది అంచు, వీటి మీద నిలువునా పసుపు చారలు. గోడల వెంబడి గట్టి పెంటికలు ఒక్కొక్కటి దూరదూరంగా చల్లినట్టు పడి ఉన్నాయి. బోను ట్రే మూలల్లో తెల్లటి గార పేరుకుపోయింది.

కర్టెన్లు మూసి, దొంగనోట్లు పట్టుకోవడానికి దుకాణాల్లో వాడే చిన్న అల్ట్రావయొలెట్ టార్చి వేశాను. ఆరిన మూత్రం ఆ వెలుగులో మెరుస్తుంది. టైల్స్ ముఖం మీద దాదాపు ఏమీ లేదు. టైల్స్ మధ్య సిమెంటు సందులు, నిలువు తలాలు, సోఫా గుడ్డ మాత్రం గీతలు గీతలుగా వెలిగాయి. తుడిచిన చోట మురికి లేదు, మురికి ఉన్నచోట తుడవలేదు. తుడిచే గుడ్డ సందుల్లోకి దిగదు, సోఫా కాలు మీదికి ఎక్కదు.

ఇంకో రెండు విషయాలు నన్ను ఆపేశాయి. పూజగది గడప పక్కన పల్చటి గుడ్డలో కట్టిన కలరా ఉండలు. కుందేలు అటు రాకుండా నాయనమ్మ గారు పెట్టారట. రెండోది, ఇంట్లో పనిచేసే ఆవిడ మాట: “పొద్దున హాలు తుడిచేటప్పుడు కళ్ల నీళ్లు వస్తున్నయి సార్, దగ్గు కూడా.” వాసన పోవడం లేదని కొన్నాళ్లుగా బకెట్‌లో ఫినాయిల్‌తో పాటు బ్లీచ్ కూడా పోస్తున్నారని అప్పుడు బయటపడింది.

కుందేలును చూస్తే

ఆడదని చెప్పి అమ్మారు. మగది. పిల్లలుగా ఉన్నప్పుడు ఆడ, మగ తేడా గుర్తించడం కష్టం కాబట్టి ఈ పొరపాటు చాలా ఇళ్లలో చూస్తాను. మగ కుందేలుకు సుమారు పది, పన్నెండు వారాల వయసులో వృషణాలు కిందికి దిగుతాయి. చిట్టికి పది నెలలు. పేరు మార్చాల్సిన పనిలేదని బాబు ముందే తేల్చేశాడు.

బరువు 2.1 కిలోలు, ఆ ఒంటి సైజుకి కొంచెం ఎక్కువే. తోక కింద మెత్తటి పెంటికలు బొచ్చుకు అంటుకుని గట్టిపడి ఉన్నాయి. వెనక కాళ్ల మడమల కింద బొచ్చు అరిగి చర్మం ఎర్రబడింది. అప్పుడప్పుడు తుమ్ములు. ముక్కు నుంచి చీమిడి లేదు, ఊపిరితిత్తుల్లో చప్పుడు మామూలే. ముందు కాళ్ల లోపలివైపు కూడా చూశాను. ముక్కు కారే కుందేలు ముందు కాళ్లతోనే తుడుచుకుంటుంది, అక్కడ బొచ్చు అట్ట కట్టి ఉంటుంది. చిట్టి కాళ్లు శుభ్రంగా ఉన్నాయి. కాబట్టి తుమ్ములకు ఇన్ఫెక్షన్ కంటే ముందు ఆ ఘాటు గాలినే అనుమానించాను. యాంటీబయాటిక్ రాయలేదు. పిల్లలకు వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ లాంటివి కుందేలు నోట్లో పోయకూడదని మాత్రం గట్టిగా చెప్పాను. నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్ జాతి మందులు కుందేలు పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను దెబ్బతీసి ప్రాణం మీదికి తెస్తాయి.

అంతకు ముందు ఒకరోజు టైల్స్ మీద నారింజ రంగు మరక చూసి రక్తమని వీళ్లు బాగా భయపడ్డారట. కుందేలు మూత్రం లేత పసుపు నుంచి ఎరుపు దాకా ఏ రంగులోనైనా ఉండవచ్చు. తినే ఆకుల వల్ల, ఒంట్లో తయారయ్యే వర్ణకాల వల్ల అలా అవుతుంది. టెస్ట్ స్ట్రిప్ ముంచి చూశాం, రక్తం లేదు. కానీ మైక్రోస్కోప్ కింద కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు కుప్పలుగా కనిపించాయి. తర్వాత క్లినిక్‌లో తీసిన ఎక్స్‌రేలో మూత్రాశయంలో రాళ్లు లేవు.

మేత సంగతి

గిన్నె నిండా గుళికల దాణా, ఖాళీ అయితే మళ్లీ నింపడం. పొద్దున చపాతీ ముక్క, సాయంత్రం బాబు చేతి బిస్కెట్, క్యారెట్. “ఆకుకూర మంచిదే కదా” అని కట్టలు కట్టలుగా లూసర్న్ అనే పచ్చి పశుగ్రాసం. అప్పుడప్పుడు మునగాకు. ఎండుగడ్డి అసలు లేదు. నీళ్లకు బోనుకు తగిలించిన సీసా.

ఇంటి శుభ్రతకు మేతతో ఏం పని అని ఇంటాయన అడిగారు. సగం పని అక్కడే ఉంది. మనుషులు, కుక్కలు, పిల్లులు ఒంటికి కావలసినంత కాల్షియమే పేగు నుంచి తీసుకుంటాయి. కుందేలు అలా కాదు. మేతలో ఎంత ఉంటే దాదాపు అంత రక్తంలోకి తీసుకుని, మిగిలింది మూత్రంలో వదిలేస్తుంది. చాలా జంతువుల్లో మూత్రం ద్వారా పోయే కాల్షియం 2 శాతం లోపే ఉంటే, కుందేలులో అది 45 నుంచి 60 శాతం దాకా ఉంటుంది. అందుకే దాని మూత్రం సున్నపు నీళ్లలా మబ్బుగా ఉంటుంది, ఆరితే తెల్లటి గార కడుతుంది. బోరు నీళ్ల ఇళ్లలో గీజర్ లోపల, కుళాయి మూతుల దగ్గర కట్టే గారే ఇది. లూసర్న్, మునగాకు, కరివేపాకు, వీటిలో కాల్షియం బాగా ఎక్కువ. ఎదిగే పిల్ల కుందేలుకు లూసర్న్ పరవాలేదు. పెద్దదానికి రోజూ పెడితే ట్రేలో సున్నం వేసినట్టే.

తోక కింద అంటుకున్న మెత్తటి పెంటికలది వేరే కథ. వీళ్లు అవి విరేచనాలనుకున్నారు. కుందేలు రెండు రకాలుగా విసర్జిస్తుంది. గట్టివి రోజుకు 200 నుంచి 300 దాకా పడతాయి, పొడిగా ఉంటాయి, వాసన ఉండదు, చీపురు, చేటతో ఎత్తేయవచ్చు. మెత్తటివి చిన్న ద్రాక్ష గుత్తిలా జిగటగా ఉంటాయి. వాటిని కుందేలు నేరుగా మలద్వారం దగ్గరే నోటితో అందుకుని తినేస్తుంది, విటమిన్లు దానికి అలాగే అందుతాయి. ఆరోగ్యంగా ఉన్న కుందేలు ఇంట్లో అవి మనకు కనిపించకూడదు. పిండిపదార్థం, దాణా ఎక్కువైతే అవి ఎక్కువగా, పల్చగా వస్తాయి, తినకుండా వదిలేస్తుంది. లావెక్కినా, నడుం నొప్పి ఉన్నా నోరు అందదు. సోఫా మీద, పక్కల మీద అంటుకుని కంపు కొట్టేవి ఇవే. నీళ్లలా పోయే నిజమైన విరేచనం వేరు, అలా అయితే అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

అంచనా

వాసన ఒకటే అయినా అది వస్తున్న చోట్లు వేరువేరు. వాటిలో పెద్దది హద్దులు గీసుకోవడం. మగతనం వచ్చిన కుందేలు తన ఇలాకా చుట్టూ నిలువు తలాల మీద మూత్రం చిమ్ముతుంది, పెంటికలు విడివిడిగా చల్లుతుంది. అవసరానికి పోసే మూత్రం ఒకే మూలలో మడుగులా ఉంటుంది. సోఫా కాలు మీద చారలు, గోడ వెంట చల్లిన పెంటికలు, బాబు కాళ్ల చుట్టూ గిరగిరా తిరిగి గుర్రుమనడం, ఇవన్నీ కలిపితే చిట్టి చేస్తున్న పని ఏమిటో తెలిసిపోతుంది. దానికి బాబు మీద కోపమేమీ లేదు. అది ప్రేమాయణం.

దీనికి ఫినాయిల్ ఆజ్యం పోసింది. కుందేలుకు తన వాసన ఉన్నచోటే తన ఇల్లు. రోజూ పొద్దున ఆ వాసనంతా కడిగేసి ఘాటైన కొత్త వాసన పూస్తే, రోజంతా అది మళ్లీ తన గుర్తులు వేసుకుంటూ తిరుగుతుంది. వాళ్లు ఎంత తుడిస్తే అది అంత చిమ్మింది. ఈ మాట చెప్పినప్పుడు ఆవిడ కొంచెం నొచ్చుకున్నారు. ఇంతకాలం నడుం విరగ్గొట్టుకున్నది ఆవిడే కదా.

ముందుగా ఆపించినవి

బ్లీచ్ అదే రోజు ఆగింది. మూత్రంలోని యూరియాను బ్యాక్టీరియా అమోనియాగా మారుస్తుంది. అమోనియా మీద బ్లీచ్ పడితే క్లోరమైన్ వాయువులు పుడతాయి, కళ్లు మండేది, దగ్గు వచ్చేది వాటితోనే. పనిచేసే ఆవిడ చెప్పిన లక్షణాలు అవే. బ్లీచ్‌లో వెనిగర్ లాంటి పులుపు ఏది కలిపినా క్లోరిన్ వస్తుంది, అది ఇంకా ప్రమాదం. మనకు నిలబడితే కొంచెం ఘాటు అనిపించేది, నేలకు జానెడు ఎత్తులో ముక్కు పెట్టుకుని తిరిగే ప్రాణికి చాలా ఎక్కువ.

ఫినాయిల్ కూడా ఆపించాను, ముఖ్యంగా నల్లది. కుందేలు పాదాలు తడి నేల మీద పడతాయి, తర్వాత ఆ పాదాలనే నాకి శుభ్రం చేసుకుంటుంది. కలరా ఉండలు తీసేయించాను. మన దగ్గర అమ్మేవి ఎక్కువగా నాఫ్తలీనే, కొరికి మింగితే రక్తకణాలు దెబ్బతింటాయి. బోను దగ్గర సాంబ్రాణి పొగ, చీమల మందు చాక్‌పీసు గీతలు కూడా వద్దన్నాను. “పూజగదిలో ధూపం వెయ్యకపోతే ఎట్లా?” అన్నారు నాయనమ్మ గారు. వేసుకోండి, ఆ కాసేపు చిట్టిని పడగ్గదిలో పెట్టి తలుపు మూయండి అన్నాను. అక్కడే ఇంకో ఒప్పందం కూడా కుదిరింది: పూజగది గుమ్మానికి మోకాలెత్తు చెక్క అడ్డం. ఆవిడ అభ్యంతరం నిజానికి కుందేలు మీద కాదు, దేవుడి గడపలో పెంటికలు పడటం మీద. చెక్క వచ్చాక ఆవిడ మాట తీరే మారింది.

ట్రే, దాని మీద గడ్డి

ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ పని చేసింది ఇదే, ఖర్చు అన్నిటికంటే తక్కువైనదీ ఇదే.

కుందేలు తింటూనే విసర్జిస్తుంది. కాబట్టి గడ్డి ఉన్నచోటే మరుగుదొడ్డి పెట్టాలి, మరుగుదొడ్డి ఉన్నచోటే గడ్డి పెట్టాలి. పెట్ షాపుల్లో అమ్మే మూల ట్రేలు చాలా చిన్నవి, సగం ఒళ్లు బయటే ఉంటుంది. బట్టలు నానబెట్టే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు కొనమన్నాను, అందులో చిట్టి సుఖంగా చుట్టూ తిరగగలగాలి. అడుగున ఏ మందూ కలపని చెక్కపొడి గుళికలు పల్చగా, వాటి మీద ఎండుగడ్డి. టబ్బు ఒక చివర గోడకు గడ్డి బుట్ట, లోపల కూర్చుంటేనే అందేంత ఎత్తులో.

చెక్క గుళికలు తడి తగిలితే పొడిగా విడిపోయి మూత్రాన్ని, వాసనను పీల్చుకుంటాయి. పొయ్యిల కోసం అమ్మే గుళికల్లో వేరుశనగ పొట్టు, రకరకాల వ్యర్థాలు కలుస్తాయి కాబట్టి ఉత్త చెక్కవే అడిగి తీసుకోవాలి. దొరకకపోతే మందంగా న్యూస్‌పేపర్ వేసి రోజూ మార్చినా చాలు. గడ్డకట్టే రకం పిల్లి ఇసుక వద్దు, తింటే కడుపులో ఉబ్బుతుంది. వడ్రంగి కొట్టులోంచి తెచ్చే రంపపుపొట్టు, ఊక, రెండూ దుమ్ము.

ఇనుప జాలీ బోను పక్కకు పోయింది. హాల్లో ఒక మూల ఇనుప మెష్ పలకలతో చిన్న ఆవరణ కట్టారు, కింద పాత జంపఖానా పరిచారు. నున్నటి టైల్స్ మీద కుందేలు కాళ్లు జారతాయి, జాలీ మీద మడమలు పుండవుతాయి. జంపఖానా ఉతుక్కోవచ్చు. కొరికి దారాలు మింగుతుందేమో మాత్రం మొదట్లో గమనించాలి. చిట్టి కొరకలేదు, ముడిచి కుప్ప పెట్టింది.

మొదటి రెండు వారాలు ఆ ఆవరణ దాటనివ్వొద్దన్నాను. పెంటికలు బయట పడితే ఎత్తి ట్రేలో వేయాలి. మూత్రం బయట పోస్తే పేపర్ ముక్కతో అద్ది ఆ ముక్కను ట్రేలో పెట్టాలి. అరవకూడదు, ముక్కు నేలకు రాయకూడదు. ట్రే వాడటం స్థిరపడ్డాక హాలు, ఆ తర్వాత ఒక్కో గది. బాబుకు ఇది చాలా కష్టమైంది. ఇల్లంతా తిరిగేదాన్ని జైల్లో పెట్టారని ఒకరోజు అన్నం మానేశాడట.

ట్రే శుభ్రం చేసే తీరు కూడా మార్చాం. రోజూ తడిసిన మూల మాత్రం తీసి కొత్తది వేయాలి. వారానికి ఒకసారి పూర్తిగా కడగాలి, కానీ కడిగాక పాత పెంటికలు ఒక గుప్పెడు తిరిగి వేయాలి. ఈ చివరి మాట దగ్గర అందరూ నా ముఖం చూశారు. కడిగిన ట్రే తనదేనని కుందేలుకు తెలియాలంటే ఆ గుప్పెడు కావాలి.

నేల తుడవడం

తాజా మూత్రానికి అంత వాసన ఉండదు, నిలవుంటేనే ఘాటు. అందుకే చూసిన వెంటనే పొడి గుడ్డతో అద్దేయడమే ఉత్తమం. రుద్దితే సందుల్లోకి పోతుంది. తర్వాత మామూలు నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మళ్లీ నీళ్లు, ఫ్యాను కింద ఆరబెట్టడం. విట్రిఫైడ్ టైల్స్‌కు ఇది చాలు.

గారకు పులుపు కావాలి. అది కాల్షియం కార్బొనేట్ కాబట్టి సబ్బుకు లొంగదు. తెల్ల వెనిగర్ గానీ నీళ్లలో కలిపిన నిమ్మ ఉప్పు గానీ ప్లాస్టిక్ ట్రేలో పోసి అరగంట నానబెడితే బుసబుస పొంగి వదిలిపోతుంది. కానీ అదే పులుపు మార్బుల్ మీద పోయకూడదు, ఎందుకంటే మార్బుల్ కూడా కాల్షియం కార్బొనేటే. తాండూరు, షాబాద్ బండలు సున్నపురాయి జాతివి, వాటికీ అదే గతి. గారను తినే పులుపు బండను కూడా తింటుంది, మెరుపు పోయి గరుకు మచ్చ పడుతుంది. ఈ ఇంట్లో పూజగది గడప మీద అలాంటి మచ్చ నేను వెళ్లేసరికే ఉంది, ఎప్పుడో టాయిలెట్ యాసిడ్ వేసి రుద్దారు. దాన్ని ఇక పాలిష్ వాళ్లే సరిచేయాలి. పాత ఇళ్లలో బండల మీద కుందేలు తిరుగుతుంటే పులుపు జోలికి పోకుండా సబ్బు నీళ్లు, ప్లాస్టిక్ గీకుడు పలకతోనే సరిపెట్టుకోమంటాను. గ్రానైట్‌కు అంత భయం లేదు.

టైల్స్ మధ్య సిమెంటు సందులకు, సోఫా గుడ్డకు ఎంజైమ్ క్లీనర్ వాడించాను. పెంపుడు జంతువుల మూత్రం కోసమే అమ్ముతారు. దీనికి ఓపిక కావాలి. చల్లి, తడి ఆరిపోకుండా పైన గుడ్డ కప్పి, కొన్ని గంటలు వదిలేయాలి. చల్లిన వెంటనే తుడిస్తే డబ్బు దండగ. అంతకుముందు ఫినాయిల్ వేసిన చోట ముందు నీళ్లతో రెండుమూడు సార్లు కడగాలి, లేకపోతే ఎంజైమ్‌లు పనిచేయవు. టార్చి కొనుక్కొని వారానికోసారి చూసుకోమన్నాను. ఆ పని బాబు తీసుకున్నాడు, రాత్రి లైట్లు ఆర్పి వెతకడం వాడికి ఆట.

బొచ్చు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఏడాదిలో కొన్నిసార్లు గుత్తులుగా రాలుతుంది. అప్పుడు రోజూ, మిగతా కాలంలో వారానికోసారి మెత్తటి బ్రష్‌తో దువ్వాలి. దువ్వి తీయకపోతే సగం ఇంట్లో, సగం దాని కడుపులో. ఏసీ జాలీ తరచూ కడగాలి. ఎంత మురికైనా కుందేలుకు తలస్నానం మాత్రం వద్దు, ఆ భయానికి, చలికి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. తోక కింద మాత్రం గోరువెచ్చని తడి గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరబెట్టాలి.

మేత మార్పు, ఆపరేషన్

మేత ఒక్కరోజులో మార్చలేదు. ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, రోజుకు కనీసం దాని ఒంటి సైజంత కుప్ప. దిగుమతి తిమోతీ గడ్డి మధ్యతరగతి ఇంటికి భారమే. ఓట్ గడ్డి, ఎండబెట్టిన గరిక తెప్పించుకున్నారు. గరిక రోడ్డు పక్కన కోసినదైతే వద్దు, కుక్కలు తిరిగేచోటు, పురుగుమందు కొట్టినచోటు అసలే వద్దు. వరిగడ్డిలో బలం లేదు. దాణా మూడు వారాల్లో తగ్గించి రోజుకు రెండు టేబుల్ స్పూన్లకు తెచ్చాం. చపాతీ, బిస్కెట్ బంద్. లూసర్న్ బదులు కొత్తిమీర, ముల్లంగి ఆకు, కొంచెం మెంతి. క్యారెట్ ముక్క ఎప్పుడో ఒకసారి. సీసా బదులు బరువైన పింగాణీ గిన్నె. గిన్నెలో అయితే కుందేలు ఎక్కువ నీళ్లు తాగుతుంది, మూత్రం పల్చబడుతుంది.

తోక కింద అంటుకోవడం ముందుగా ఆగింది. తర్వాత ట్రేలో గార తగ్గింది. తుమ్ములు కూడా తగ్గాయి, మకాం బాల్కనీ నుంచి గాలి ఆడే హాల్లోకి రావడం వల్లనో, ఫినాయిల్ ఆగడం వల్లనో విడదీసి చెప్పలేను. చిమ్మడం మాత్రం అలాగే ఉంది, ఉంటుందనే అనుకున్నాను. బరువు, పేగు కుదుటపడ్డాకే వృషణాలు తీసేసే ఆపరేషన్ పెట్టుకున్నాం. కుందేలు వాంతి చేసుకోలేదు, కాబట్టి ఆపరేషన్ ముందు రాత్రి కడుపు మాడ్చక్కర్లేదు. పైగా మాడిస్తేనే పేగు ఆగిపోయే ప్రమాదం. మత్తు దిగిన కొద్ది గంటల్లో గడ్డి తినడం మొదలుపెట్టాలి, చిట్టి కొత్తిమీరతో మొదలుపెట్టింది. కుందేళ్లకు మత్తు ఇవ్వడం కుక్కలకు ఇచ్చినట్టు కాదు, అలవాటున్న డాక్టర్ దగ్గరే చేయించాలి. ఆడ కుందేలుకైతే దీని అవసరం ఇంకా ఎక్కువ, నాలుగేళ్లు దాటిన ఆడవాటిలో గర్భాశయ క్యాన్సర్ చాలా సాధారణం.

హార్మోన్లు ఒంట్లోంచి పోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆపరేషన్ అయిన వారానికే “ఇంకా చిమ్ముతోంది డాక్టర్ గారూ” అని ఫోన్ వచ్చింది, ఆగమన్నాను. క్రమంగా సోఫా కాలు, టీవీ బల్ల పొడిగా మిగిలాయి. గోడల వెంట పెంటికలు పూర్తిగా పోలేదు, రోజుకు కొన్ని పడుతూనే ఉంటాయి. పొడివే కాబట్టి చీపురుతో పోతాయి. ఇంట్లో కుందేలు ఉన్నప్పుడు ఆ కాసిన్నీ ఒప్పుకోవాల్సిందే.

ఇంకా మిగిలినవి

సోఫా మీద ఓడిపోయాం. ట్రే బాగా అలవాటైనా, సోఫా ఎక్కితే చాలు, మెత్తటి చోట మూత్రం పోస్తుంది. కవర్ మార్చాం, ఎంజైమ్ పోశాం, పక్కనే రెండో ట్రే పెట్టాం. చివరికి సోఫా చిట్టికి నిషిద్ధం అని తేల్చి, ముందు అడ్డం పెట్టుకున్నారు. అన్నిటికీ శిక్షణతోనే జవాబు దొరకాలని పట్టుబట్టడం నాకు ఇష్టం ఉండదు, అడ్డం కూడా మంచి వైద్యమే.

వానాకాలంలో మళ్లీ వాసన అని పిలిచారు. ఈసారి మూత్రం కాదు, గడ్డి. బాల్కనీలో పెట్టిన మూట చెమ్మకు బూజు పట్టింది. మొత్తం పారేయించి, గాలి ఆడే గుడ్డ సంచిలో, గోడకు దూరంగా, కొద్దికొద్దిగా తెచ్చుకోమన్నాను. ఈ కాలంలో ఈగలు కూడా ఎక్కువ. తోక కింద తడి, మురికి ఉంటే గుడ్లు పెడతాయి, గంటల్లో పురుగులు చర్మంలోకి దిగుతాయి. రోజుకు రెండుసార్లు అక్కడ చూడాలి, ఒక్క పురుగు కనిపించినా రాత్రయినా సరే తీసుకురావాలి. పేలకు, గోమార్లకు కుక్కల కోసం అమ్మే ఫిప్రోనిల్ చుక్కలు మాత్రం కుందేలు మీద వేయొద్దు, అది వాటికి విషం.

ట్రేలోంచి తీసిన పెంటికలు మొదట్లో చెత్తబండికి వెళ్లేవి. అపార్ట్‌మెంట్ మీద మిద్దెతోట పెట్టినవాళ్లు అడిగి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. పశువుల పేడలా కుళ్లబెట్టే పనిలేకుండా నేరుగా కుండీల్లో వేయవచ్చు, మొక్క మాడదు. పచ్చిగా తినే ఆకుకూరల కుండీల్లో మాత్రం కంపోస్టు చేశాకే వేయాలి. ఇది తెలిశాక నాయనమ్మ గారు సగం తన మల్లె కుండీలకు దాచుకుంటున్నారు.

ఇప్పుడు బాబు రెండో కుందేలు కావాలంటున్నాడు. కోరికలో తప్పులేదు, కుందేలు ఒంటరిగా బతికే ప్రాణి కాదు. ఆడ కుందేలును తెస్తే ముందు దానికి ఆపరేషన్ అయి, కోలుకోవాలి. అప్పటిదాకా వేరే గది. కలపడం చిట్టి ఎప్పుడూ తిరగని చోట మొదలుపెట్టాలి. కొత్త వాసన తగిలిన కొన్ని వారాలు చిట్టి మళ్లీ గోడల వెంట పెంటికలు చల్లుతుంది, బహుశా ఒకటి రెండు చోట్ల చిమ్ముతుంది కూడా. అప్పుడు మళ్లీ ఫినాయిల్ సీసా తీయకుండా ఉంటామని ఆవిడ మాట ఇస్తే తెచ్చుకోండి అన్నాను. ఇంకో టబ్బు మాత్రం ఇప్పుడే కొనమన్నాను.